కరగనంటున్న పొర

విశాఖపట్నంలో ఆ ఏడాది, అంటే రెండువేల డెబ్భై ఎనిమిదిలో, సిటీ బస్సులో సీటు దొరకాలంటే రెండే దారులు. ఒకటి డిపోలోనే ఎక్కడం, రెండోది గుండె కోయించుకోవడం. చొక్కా జేబు పైన రూపాయి బిళ్ళంత పచ్చదీపం వెలుగుతుంటే చాలు, నెలలు నిండిన ఆడవాళ్ళు కూడా లేచి చోటిచ్చేవాళ్ళు. ఎద మీద దీపం ఉన్నవాడికి ఎదురు లేదు. టిఫిన్ సెంటర్లో మొదటి వాయి ఇడ్లీలు అతనివే. ఇంట్లో ఫ్యాను ఎంత జోరున తిరగాలో, కూరలో కారం ఎంత పడాలో అతని ఇష్టమే. కొత్త అల్లుడికి మూడు రోజులు జరిగే మర్యాద ఇతనికి మూడు నెలలు జరిగేది. తేడా అల్లా, మర్యాద కోసం అల్లుడు అలగాలి, ఇతనికి ఆ శ్రమ కూడా లేదు.

జనం దీనికి 'పొర మర్యాద' అని పేరు పెట్టుకున్నారు. దీపం ఉన్న మనిషి దగ్గర గొంతు పెంచకూడదు, కాదనకూడదు, ముఖ్యంగా చెడ్డ కబురు చెవిన వెయ్యకూడదు. ఇదేమీ చట్టం కాదు, చట్టమైతే ఎవరూ పాటించేవాళ్ళు కారు. పొరపొచ్చాలున్న అన్నదమ్ములు సైతం పొర వచ్చేసరికి పొచ్చాలు పక్కన పెట్టి పళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు.

ఈ పొరని కనిపెట్టింది డాక్టర్ గొర్లె హైమావతి. యాభై నాలుగేళ్ళ మనిషి, కడలిగట్టు గుండె ఆసుపత్రి ఆరో అంతస్తులో ఆమె ప్రయోగశాల. కిటికీలోంచి చూస్తే పెరిగిన సముద్రమూ, దాన్ని ఆపడానికి కట్టిన గట్టూ కనిపించేవి. ఆమె కిటికీలోంచి చూసేది కాదు.

గుండె ఆపరేషన్ చేసేటప్పుడు రొమ్ము ఎముకని నిలువునా కోసి, గుండెసంచి విప్పి, లోపల పని చూసుకుని మళ్ళీ మూసేస్తారు. మూశాక గుండె ఊరుకోదు. పచ్చిగాయం దేన్ని తాకితే దాన్ని పట్టుకుంటుంది. ఎముకకి అతుక్కుంటుంది, ఊపిరితిత్తికి అతుక్కుంటుంది. డాక్టర్లు వీటిని అడ్‌హెషన్లు అంటారు, హైమావతి 'అతుకులు' అనేది. అలాంటి అతుకుల గుండెతో బతుకు అతుకుల బొంతే. మళ్ళీ ఎప్పుడైనా ఛాతీ తెరవాల్సి వస్తే రంపం ఎముకతో పాటు గుండెనీ కోసేస్తుంది. అందుకని ఎముకకీ గుండెకీ మధ్య ఆమె ఒక కరుగుపొర పరిచింది. పండుగప్ప చేప పొలుసుల్లోంచి తీసిన కొలాజెన్ దారాలతో నేసిన పొర అది, ఉల్లిపొర దాని ముందు దుప్పటి.

శరీరంలో కరిగిపోయే మెంబ్రేన్లు అంతకుముందూ ఉండేవి. అవి ఒట్టి గోడలు. హైమావతిది గోడ కాదు, మంచి పొరుగు. గుండె చప్పుడు వినేది. కండ తడబడినా, బెదిరి దడదడలాడినా, చుక్కలు చుక్కలుగా మాన్పురసం వదిలేది. వరసగా ఏడు రోజులు గుండె నెమ్మదిగా కొట్టుకుంటేనే 'సరే, ఇక నాతో పనిలేదు' అనుకుని కరిగిపోయేది. మధ్యలో ఒక్క పూట గుండె గాభరా పడిందా, ప్రయాణం వాయిదా వేసుకున్న చుట్టంలా సంచీ దింపేసి, అప్పటిదాకా కరిగిన దారాల్ని మళ్ళీ నేసుకుని, లెక్క ఒకటి నుంచి మొదలెట్టేది. ఈ లెక్క రోగులకీ ముందే చెప్పేవాళ్ళు. మామూలుగా ఇదంతా తొంభై రోజుల్లో ముగిసేది. వెనక మచ్చ కూడా మిగలని గుండె ఉండేది.

మొదటి మూడేళ్ళలో పద్దెనిమిది వందల మందికి వేశారు. గడువు దాకా ఉన్న అందరిలోనూ కరిగింది. అప్పుడు అనకాపల్లి నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. మొగుడికి ఆపరేషన్ అయిన ఇరవయ్యో రోజున, లోపల పొర ఉన్న సంగతే మరిచిపోయి, అతన్ని కూరలో ఉప్పు గురించి చెడామడా తిట్టిందట. సాయంత్రానికి అతను పోయాడు. 'లోపలున్నది బయటివాళ్ళకెలా తెలుస్తుందమ్మా, దానికో గుర్తు పెట్టకూడదా' అని రాసింది.

ఆ ఉత్తరానికి హైమావతి కరిగింది. పొరలు కరగడం మానేసింది అప్పట్నుంచే.

ఆమె ఎదదీపం తయారు చేసింది. లోపల పొర ఉన్నంతకాలం పచ్చగా, గుండె బెదిరితే పసుపుగా, పొర కరిగిపోతే ఆరిపోయేలా. పొరకి దీపం కట్టడమే పొరపాటని ఆమెకి తట్టలేదు. నూటికి పది పొరలు తొంభై రోజులు దాటినా అలాగే ఉండిపోయాయి. నూట యాభై దాటితే శరీరం ఆ చుట్టాన్ని దొంగగా జమకట్టి చుట్టూ సున్నం పూసి పెంకు కట్టేస్తుంది. ఆ పెంకులో గుండె పిడికిలి విప్పలేక ఆగిపోతుంది. ఆ ఏడాది అలా పదకొండు మంది పోయారు. ముందుగానే ఛాతీ తెరిచి పొర ఒలిచెయ్యబోతే ఏడుగురిలో ఇద్దరే బతికారు. మందుతో కరిగిద్దామంటే, పొరని కరిగించే మందు కింద కొత్తగా పుట్టిన కండని కూడా కరిగించేస్తోంది. హైమావతి దారాన్ని అనుమానించింది, చేపని అనుమానించింది, ఉప్పుగాలిని అనుమానించింది. దీపాన్ని మాత్రం అనుమానించలేదు.

ఇప్పుడు ఆమె భర్త గుండె మీది పొరకి నూట నలభై ఒకటో రోజు.

ఆయన పేరు వరహాలు. ఆమెకి సొంత మేనమామ కొడుకు. రేవులో టగ్గు సరంగుగా ముప్ఫై ఏళ్ళు పెద్ద పెద్ద ఓడల్ని ముక్కుతాడు వేసినట్టు లాక్కొచ్చిన మనిషి. టగ్గులు తమంతట తామే నడవడం నేర్చుకున్నాక ఒడ్డున పడ్డాడు. సరంగులో రంగు పోయింది, 'స' మిగిలిందని తన మీద తనే జోకులేసుకునేవాడు. భార్యకి ప్రయోగశాల, భర్తకి ప్రయోగాలేవీ లేని వంటిల్లు. ఆమె ఇంటికొచ్చేసరికి ఆయన పడుకునేవాడు, ఆయన లేచేసరికి ఆమె ఉండేది కాదు. ఒకే ఇంట్లో రెండు షిఫ్టులు. ఆపరేషన్ అయ్యాక అంతా మారింది. రోజూ పన్నెండున్నరకి హైమావతి ఇంటికొచ్చేది. చేపముక్కలో ముళ్ళు ఏరి ఆయన కంచంలో పెట్టేది. రెండున్నర దాకా కూర్చునేది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆ పొద్దున ఆమె లబ్బయ్య ముందు కూర్చుంది. లబ్బయ్య మనిషి కాదు, పొరలన్నీ పంపే గుండె చప్పుళ్ళని వినే యంత్రం. అసలు పేరు పలకడానికి ఒక ఊపిరి చాలదు గనక, లబ్‌డబ్‌లు వినేవాడు లబ్బయ్య అని స్టాఫంతా ఖాయం చేసేశారు.

"పొరలో లోపం లేదు," అంది లబ్బయ్య. "గుండే దాన్ని ఉండమంటోంది."

"ఎందుకంటుంది?"

"ఎందుకో నాకు తెలీదు, ఎప్పుడో తెలుసు. రోజూ పన్నెండు గంటలకి. పదిహేను నిమిషాలు. నూట ముప్ఫై రోజులుగా. ఆదివారాలు తప్ప."

ఆదివారాలు హైమావతి ఇంట్లోనే ఉంటుంది.

మర్నాడు ఆమె పన్నెండు కాకముందే ఇంటికెళ్ళింది. తలుపు తోసే ముందే లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది. గాలి హోరులో, వైర్‌లెస్ గరగరలో తడిసిన గొంతు. "సరంగూ, తాడు ఇసురు. తాడు ఇసురు సరంగూ." ఆ గొంతు కారి ఎల్లాజీ అనే జాలరిది. పంతొమ్మిదేళ్ళ కిందట తుఫానులో తిరగబడిన పడవలోంచి పిలిచాడు. వరహాలు తాడు విసరలేదు. అప్పటికే కట్టి ఉన్న తాడుని గొడ్డలితో తెంపేశాడు, లేకపోతే టగ్గులో ఉన్న తొమ్మిది మందీ మునిగేవారు. విచారణలో ఆయన తప్పు లేదన్నారు. ఆ రికార్డింగు కాపీ ఒకటి ఆయన చేతిలో పెట్టారు. దాన్ని ట్రంకు పెట్టె అడుగున వేసి పంతొమ్మిదేళ్ళు తాకలేదు. ఎల్లాజీ పేరెత్తితే ఇంట్లోంచి లేచి వెళ్ళిపోయేవాడు.

హైమావతి తలుపు సందులోంచి చూసింది. కిటికీ దగ్గర కుర్చీలో వరహాలు కళ్ళు మూసుకుని, కుర్చీ చేతుల్ని ఓడ కటకటాల్లా పట్టుకుని కూర్చున్నాడు. ఛాతీ మీద దీపం పసుపు రంగుకి తిరిగింది. పన్నెండుంపావుకి రికార్డింగు ఆపేశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. లేచి రెండు కంచాలు కడిగి బల్ల మీద పెట్టాడు. నీళ్ళ గ్లాసులు సర్దాడు. ఎవరో రాబోతున్న ఇంట్లో మనిషి సర్దినట్టు సర్దాడు.

ఆమె చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి, కింద వీధి అరుగు మీద కూర్చుని, పన్నెండున్నరకి ఎప్పటిలాగే మళ్ళీ ఎక్కింది. దీపం ఇంకా పసుపుగానే ఉంది. ఏమైందని అడిగితే ఏదో కొంచెం దడగా ఉందన్నాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. దీపం మళ్ళీ పచ్చబడే దాకా ఆగి, చేపముక్కలో ముళ్ళు ఏరుతూ, మాట వరసకి అన్నట్టు అడిగింది, దీపం ఆరిపోయాక ఏం చేస్తావు బావా అని.

"నానేటి సేత్తాను," అన్నాడు వరహాలు, నవ్వుతూనే. "నువ్వు మీ లేబుకెల్లిపోతావు. నాను మన ఫ్రిజ్జుకెల్లిపోతాను."

ముల్లు ఏరుతున్న హైమావతి వేలికి ముల్లు గుచ్చుకుంది.

ప్రయోగశాలకి తిరిగొచ్చి ఈ సంగతంతా సర్జన్ ప్రభంజన్‌కి చెప్పింది. వరహాలు ఛాతీ తెరిచి పొర పరిచింది అతనే. మంచి హస్తవాసి ఉన్న కుర్రాడు, ఇంటిపేరు కిల్లి. ఆ ఇంటిపేరు చదివి రోగులు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారని బోర్డు మీద ఒంటిపేరే రాయించారు. రికార్డింగు దాచెయ్యమన్నాడు అతను. మనిషి జ్ఞాపకాన్ని ఎక్కడ దాచను అంది ఆమె. పోనీ, ఎనిమిది రోజుల్లో చచ్చిపోతావని సూటిగా చెప్పెయ్యండి అన్నాడు. చెప్తే గుండె బెదురుతుంది, బెదిరితే పొర ఉండిపోతుంది, ఉండిపోతే మనిషి పోతాడు. పొర మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదన్న మర్యాద, పొర చంపుతుందన్న కబురుని కూడా కప్పేస్తోంది. పోయిన పదకొండు మందికీ తామెందుకు పోతున్నారో తెలీదు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చివరిదాకా మర్యాదగానే ఉన్నారు.

ఆ రాత్రి ఆమె ఇంకో దీపం చేసింది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. పొరతో దానికి ఏ సంబంధమూ లేదు. పచ్చగా వెలగడం తప్ప దానికింకేమీ రాదు. ఆర్పడానికి మీట కూడా పెట్టలేదు.

పొద్దున్నే అది భర్త చొక్కాకి తగిలిస్తూ చెప్పింది. "నీకు వేసింది వేరే రకం పొర బావా. కొందరికి జన్మంతా ఉండిపోతుంది. ప్రమాదమేమీ లేదు. ఈ దీపం ఇక పసుపు రంగుకి తిరగదు, ఆరిపోదు."

వరహాలు కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. పొగమంచులో ఓడ దూరాన్ని అంచనా వేసేవాడి చూపు.

"అంటే రోజూ నువ్వు బోయినానికి ఒస్తావన్నమాట."

"వస్తాను."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

ఆయన దీపాన్ని వేలితో ఒకసారి తట్టి చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నం పన్నెండు గంటలకి హైమావతి లబ్బయ్య ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. పన్నెండు దాటింది. పన్నెండుంపావు దాటింది. గుండె లెక్క తప్పకుండా కొట్టుకుంటూనే ఉంది. ఆయన పెట్టె తియ్యలేదు. రెండో రోజూ తియ్యలేదు. నాలుగో రోజున పొర సగం కరిగింది. ఐదో రోజు పెద్ద ఉరుముకి గుండె ఒక్కసారి ఎగిరిపడితే ప్రయోగశాలలో హైమావతి గుండె రెండుసార్లు ఎగిరిపడింది. అదృష్టం, పొర దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఏడో రోజు, నూట నలభై తొమ్మిదో రోజు, పొర దారాలు ఒక్కటీ మిగల్లేదని లబ్బయ్య చెప్పింది. గుండె మీద మచ్చ లేదు, అతుకు లేదు. హైమావతి మందుల గదిలోకెళ్ళి తలుపేసుకుని చాలాసేపు ఏడ్చింది. మొహం కడుక్కుని పన్నెండున్నరకి ఇంటికెళ్ళి ముళ్ళు ఏరింది.

తర్వాతి రోజూ వెళ్ళింది. ఆ తర్వాతి రోజూ వెళ్ళింది.

ఇంకా నలభై మందికి పొర కరగడం లేదు. ఒకరికి నూట ముప్ఫై తొమ్మిదో రోజు, ఇంకొకరికి నూట ముప్ఫై ఏడు. అందరి చొక్కాలకీ ఆరని దీపం పెట్టెయ్యాలని ప్రభంజన్ తొందరపెట్టాడు. దానికి ఆసుపత్రి వైద్యమండలి ఒప్పుకోవాలి. వరహాలు పొర కరిగిన నాలుగో రోజున పదకొండు గంటలకి సమావేశం పెట్టారు. తొమ్మిది మంది పెద్ద డాక్టర్లు, ఒక నిడుపాటి బల్ల, ప్రతి కుర్చీ ముందూ ఒక సందేహం.

హైమావతి ఎన్నడూ లేనంత బాగా మాట్లాడింది. గుండెకి కావలసింది పొర కాదనీ, పొర ఉన్నన్నాళ్ళూ చుట్టూ ఉన్నవాళ్ళు చూపించే ఆ మెత్తదనమనీ చెప్పింది. మనిషి దాని కోసం తన గాయాన్ని తనే గోకి పచ్చిగా ఉంచుకుంటాడని చెప్పింది. వైద్యం సులువే, దీపం ఆరదని రోగిని నమ్మించాలి. ఇంట్లో ఒక్కరికి మాత్రం నిజం చెప్పి, పొర పోయాక కూడా ఉన్నట్టే నడుచుకుంటామని మాట తీసుకోవాలి.

అప్పుడు మండలి పెద్ద, ఎముకల డాక్టరు, అందరికంటే ముసలాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు. "పొర లేదని తెలిసిన మనిషి ఉన్నట్టే మసులుకోగలడా అమ్మా?"

"నేను మసులుకుంటున్నాను కదండీ," అంది హైమావతి.

తొమ్మిది తలలూ ఊగాయి. ప్రశ్నలు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె బోర్డు మీద బొమ్మలు వేసింది, తుడిపింది, మళ్ళీ వేసింది. ఎవరో భోజనం డబ్బాలు పంచారు. ఎవరో టీ తెచ్చారు. చివరికి చేతులెత్తమంటే తొమ్మిది చేతులూ లేచాయి. ప్రభంజన్ వచ్చి చెయ్యి కలిపాడు. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పుకోవాలనిపించింది ఆమెకి. ఎవరికని వెతుక్కుంటూ తలెత్తితే ఎదురుగా గోడ గడియారం నాలుగు గంటలకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఆమె ముందున్న పులిహోర డబ్బా ఖాళీగా ఉంది. ఎప్పుడు తిన్నదో గుర్తు లేదు.

నూట నలభై తొమ్మిది రోజులు, సమావేశాలున్నా, మంత్రులొచ్చినా, ఒకసారి జ్వరం వచ్చినా, పన్నెండుంపావుకల్లా ఆమె కాళ్ళు వాటంతటవే లేచేవి. ఎవరూ గుర్తు చెయ్యాల్సిన పని లేకపోయింది. ఆయన చచ్చిపోతాడన్న భయం ఆమెని లేపేది. ఈ రోజు ఆ భయం లేదు. ఏమీ నిర్ణయించుకోలేదు, ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు. కేవలం ఆకలేసింది, తినేసింది.

ఇంటికెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. బల్ల మీద రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. కూర గిన్నె మీద మూత. వరహాలు బల్ల ముందు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చొక్కా మీద దీపం లేదు. అది బల్ల మీద, గిన్నె పక్కన, పచ్చగా వెలుగుతోంది.

సమావేశం ఆలస్యమైందని చెప్పింది. ఫోన్ చెయ్యడానికి కూడా వీల్లేకపోయిందని చెప్పింది. ఆయన తల ఊపాడు, అన్నీ వింటున్నట్టే.

"కరిగిపోనాదేటి, హైమా?"

హైమావతి గిన్నె పక్కన వెలుగుతున్న దీపాన్ని చూసింది. "ఎవరు చెప్పారు బావా?"

"ఒకరు సెప్పాలేటి. నువ్వు రాలేదు గదా."

లబ్బయ్యకి రెండున్నర వేల గుండెల చప్పుడు తెలుసు. ఆ యంత్రానికి ఏడు రోజులు పట్టిన సంగతి ఈయన మూడున్నర గంటల్లో తెలుసుకున్నాడు.

రేపట్నుంచి తప్పకుండా వస్తానంది హైమావతి. దీపంతో పని లేదనీ, దీపం కోసం ఎప్పుడూ రాలేదనీ అంది. అంటూనే, అది అబద్ధమో నిజమో తనకే తెలియక మధ్యలో ఆగిపోయింది. వరహాలు ఆమెని ఇబ్బంది పెట్టలేదు. లేచి ఒక కంచం తిరగేసి అన్నం వడ్డించుకున్నాడు. నువ్వు తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. రెండో కంచం తీసుకెళ్ళి అలమారలో పెట్టేశాడు.

"వద్దులే. పని సూసుకో," అన్నాడు, చేపముక్కలో ముల్లు తనే ఏరుకుంటూ. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆమెకి అదే భయమేసింది. "నాకు బాగైపోనాది గదా."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి డెబ్భై రెండు. తొణకని, బెణకని, ఎక్కడా మచ్చలేని గుండె. ఆమె జీవితంలో మాన్పిన అన్ని గుండెల్లోకీ బాగా మానిన గుండె.

ఫోన్ మోగింది. ప్రభంజన్. నలభై ఇళ్ళకీ సోమవారం నుంచి ఆరని దీపాలు పంపుతున్నామనీ, ఇంట్లో నిజం తెలిసిన మనిషికి ఇవ్వడానికి ఒక కాగితం కావాలనీ, ఏం చెయ్యాలో, ఎలా మసులుకోవాలో మేడమే స్వయంగా రాస్తే బాగుంటుందనీ అన్నాడు.

హైమావతి కాగితం తీసుకుని బల్ల ముందు కూర్చుంది. వరహాలు తినేసి, కంచం కడిగి, లోపలికెళ్ళి పడుకున్నాడు. ఆమె పెన్ను మూత తీసి, దీపం వెలుతురులో, 'పన్నెండున్నరకి' అని రాసింది. ఆ తర్వాత ఏం రాయాలో చాలాసేపు తోచలేదు.